తాడిచెట్టు కింద ఫిర్యాది

తెరకి చిల్లు నేనే పెట్టాను. నిన్న మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే దబ్బనం పట్టుకెళ్ళి, సవారీ బండి తెరకి కుడివైపు, కూర్చుంటే సరిగ్గా కంటికి ఆనే చోట పొడిచాను. పెసరగింజంత అయ్యాక ఆపి, దాని చుట్టూ ఎర్రదారంతో పువ్వు కుట్టేశాను, ఎవరి కంటైనా పడితే కుట్టుపని అనుకుంటారని. ఆడవాళ్ళ కుట్టుపని మా ఇంటి మగవాళ్ళు ఏనాడూ చూడరు, ఆ ధైర్యం. ముప్ఫై రెండేళ్ళు వచ్చాక మొదటిసారి చూస్తున్న రామచంద్రపురం అందుకని నాకు పెసరగింజంతే ఉంది: కొంచెం వరండా, కొంచెం రోడ్డు, కొంచెం తాడిచెట్టు, తల తిప్పిన కొద్దీ ఒకదాని తర్వాత ఒకటి. జంపఖానా కింద పరిచిన గడ్డిలోంచి వేడి పైకి వస్తోంది. పక్కన లోవలక్ష్మి, నాతోపాటు పుట్టింటి నుంచి వచ్చిన దాసీ, నోరు తెరుచుకుని నిద్రపోతోంది, లేదా నిద్రపోతున్నట్టు ఉంది, దానికి రెండూ ఒకటే. మేము కోర్టుకి రాలేదు. రాజుల ఇళ్ళ ఆడవాళ్ళు కోర్టుకి రారు. ద్రాక్షారామం భీమేశ్వరుడి మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరాం, దారిలో కచ్చేరీ ఉంది, కచ్చేరీలో మా వారు సాంబశివరాజుగారి మీద కేసు ఉంది, కనక బండి ఆగింది. కేసు కొట్టేస్తే అట్నుంచి అటే గుడికి వెళ్ళి అభిషేకం. కొట్టెయ్యకపోతే ఏంటో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు, బండిని మాత్రం ముందే గుడివైపుకి తిప్పి నిలబెట్టారు.

తాడిచెట్టు రోడ్డుకి అవతల ఉంది. దాన్ని కచ్చేరీలో ఒక గది అనుకోవచ్చు. పేటవాళ్ళు, అంటే మేము ముట్టుకోనివాళ్ళు, ఫిర్యాదీలైనా ముద్దాయిలైనా సాక్షులైనా అక్కడే నిలబడాలి. దొరల చట్టం పుస్తకంలో మనుషులందరూ ఒకటేనట, మా తమ్ముడు పల్లంరాజు చెప్పాడు, వాడు కాకినాడలో మెట్రిక్యులేషన్ దాకా చదివాడు. ఆ పుస్తకంలో తాడిచెట్టు లేదు, రోడ్డు మీద ఉంది. లోపల్నించి బంట్రోతు వరండా చివరికి వచ్చి పేరు పిలుస్తాడు. గేటు దగ్గర చిట్టియ్య అని వెట్టి చేసే మనిషి, పేటవాడే, ఆ కేకని అందుకుని చెట్టువైపు తిరిగి మళ్ళీ వేస్తాడు. చిట్టియ్య పిలిచాక రోడ్డు దాటాలి, గేటు దగ్గర ఆగిపోవాలి, అక్కణ్ణించే మేజిస్ట్రేటుగారికి కేకలేసి జవాబులు చెప్పాలి. చిట్టియ్య పిలవకుండా దాటితే బంట్రోతు కర్ర పట్టుకుని వస్తాడు. ఇది ఎక్కడా రాసి లేదు. మా వైపు రాసి లేనివే బాగా జరుగుతాయి.

చెట్టు కింద ఒక్క మనిషే ఉంది. తాడిచెట్టు నీడ జానెడు వెడల్పు, ఆ జానెడులోనే నిలబడి, అది జరిగినప్పుడల్లా తానూ జరుగుతోంది, పొద్దుటి నుంచి మూడడుగులు జరిగింది. కూర్చోవచ్చు కదా, కూర్చుంటే పేరు వినపడదని భయం కాబోలు. రూతుని నేను చూడడం ఇదే మొదటిసారి. పదకొండేళ్ళుగా మాట్లాడుకుంటున్నాం. మా పెరటిగోడకి అవతల, పశువులకి గడ్డిమోపు తెచ్చి పడేసేది రూతు, గోడ దాటి ఆమె రాకూడదు, గోడ దాటి నేను వెళ్ళకూడదు, కారణాలు వేరైనా గోడ ఒకటే సరిపోయింది. నీళ్ళు పోయే తూము పక్కన పీట వేసుకుంటే మాట స్పష్టంగా వినపడేది. కాలవ మా ఇంటికి కేకేస్తే వినపడేంత దూరం, నేను పెళ్ళయి వచ్చాక ఒక్కసారి చూడలేదు, చూసిందంతా రూతు గొంతులోనే. ‘ఇవాళ పొగ పడవ వచ్చిందండి అమ్మగారూ, దొర టోపీ గాలికెగిరి నీళ్ళలో పడిందండి, ముగ్గురు దూకారండి, టోపీ దొరికింది కానండి ఒకడు దొరకలేదండి.’ నేను అయ్యయ్యో అంటే కాసేపు ఏడిపించి, ‘దొరికాడులెండి, రెల్లుదుబ్బులో కూచుని చుట్ట కాల్చుకుంటున్నాడండి’ అనేది. రాజమండ్రిలో గోదావరికి అడ్డంగా రైలు వంతెన కడుతున్నారని ముందు ఆమే చెప్పింది, వారం తర్వాత మా ఇంటి మగవాళ్ళు అదే కబురు కొత్తగా తెచ్చారు, నేనూ కొత్తగానే విన్నాను. ఆ తర్వాత పేటలో మిషను బడి వచ్చింది, జ్ఞానప్రకాశంగారని పంతులు వచ్చారు, రూతుకి ఈ పేరు వచ్చింది, అక్షరాలు వచ్చాయి. రాత్రి బడిలో నేర్చుకున్నది మర్నాడు గోడకి అప్పజెప్పేది. ‘కొమ్ము కిందకి లాగాలా పక్కకి లాగాలా అండి?’ పక్కకే, పక్కకే, అని నేను ఇవతల గాలిలో వేలుతో రాసి చూపించేదాన్ని, ఎవరికి చూపిస్తున్నానో తలుచుకుంటే నవ్వొచ్చేది.

ఆ గొంతు విని పెద్ద పొడుగాటి మనిషి అనుకున్నాను. చూస్తే నా భుజం దాకా కూడా రాదు. గొంతు తప్ప నేనెరిగినది ఏదీ ఆ మనిషిలో లేదు, చెవి కింద మొదలై పెదవి దాకా వచ్చిన నల్లటి గీత ఒక్కటీ చూసి, ఓహో ఈమే అనుకున్నాను.

ఆ గీత పడింది నెల కిందట, నాట్ల రోజుల్లో. కాలవ నీళ్ళ వంతు మా చేలకి ఆదివారం వచ్చింది, ఆ వంతు తప్పితే మళ్ళీ ఎనిమిది రోజులు, నారు ముదిరిపోతుంది. ఆదివారం ప్రార్థన ఉందండి, సోమవారం చుక్క పొడవగానే దిగుతామండి, అందట పేట. పేట అంటే రూతు. ఆమె పాట ఎత్తుకుంటే తప్ప మిగతా ఆడవాళ్ళు మడిలో కాలు పెట్టరు. వారు గుర్రమెక్కి వెళ్ళి పాక ముందు నిలబడి పిలిచారు, ఆమె బయటికొచ్చి మళ్ళీ అదే మాట చెప్పింది, చెర్నాకోలతో కొట్టారు. ఒక్కటే దెబ్బ. మా ఇంట్లో అందరూ ఇప్పటికీ అదే అంటారు, ఒక్కటే కదా అని. ఆ చెర్నాకోల వసారాలో మేకుకి వేలాడుతుంది. తోలు ఎండి పగిలిపోకుండా వారానికోసారి ఆముదం రాసి మెత్తగా ఉంచేది నేనే. ఆ ముందురోజు శనివారం కూడా రాశాను, బాగా పట్టించి, కొస దాకా.

కొట్టించుకున్న వాళ్ళు ఊరుకోవడం మామూలు. రూతు ఊరుకోకుండా ఫిర్యాదు ఇచ్చింది. ఫిర్యాదు సంగతి విని వారు నవ్వారు, ఆమె కాగితం కింద వేలిముద్ర వెయ్యలేదు, సంతకం పెట్టింది అని ప్లీడరు చెప్పాక మాత్రం నవ్వలేదు. ‘దానికి సంతకం ఎక్కణ్ణించి వచ్చింది?’ అని భోజనాల దగ్గర అందరినీ అడిగారు. నేను చారు పోశాను. శిక్షంటూ పడితే పదిహేను రోజులో నెలో రాజమండ్రి జైల్లో ఉండాలన్నాడు ప్లీడరు. జైలుకి ఎవరూ జడవలేదు కానీ జైల్లో మీసం గొరిగేస్తారు. ఆ మాట వినగానే మా అత్తగారు మంచమెక్కారు. మూడు రోజులు ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు, అందరూ వారి పైపెదవి వైపు చూడకుండా వడ్డించాం, మజ్జిగ తాగి వారు పెదవి తుడుచుకుంటుంటే నేను గిన్నెలోకి చూశాను. ఇక రూతు సంగతి. ఆమె పాక ఉన్న నేల మాది. కేసు కొట్టేసిన మర్నాడు పాక పీకించి, తాటాకు కాలవలో పారేయిస్తానని వారు అందరి ముందూ అనేశారు, ఆ తర్వాత పేటలో ఇంకెవరికీ సంతకాలు రావన్నారు. శిక్ష పడితే మాత్రం పాక జోలికి వెళ్ళవద్దు, ఇంకో కేసవుతుంది, అని ప్లీడరు గట్టిగా చెప్పాడట. అంటే ఇవాళ ఆ వరండాలో ఒకవైపు మీసం, ఒకవైపు పాక. నేను మీసం తరఫు బండిలో ఉన్నాను.

నాలుగు రోజుల కింద గోడ దగ్గరికి గడ్డి లేకుండా వచ్చింది. ‘అమ్మగారండీ’ అంది, అంతకు ముందు నెల్లాళ్ళుగా ఆ పిలుపు లేదు, నేను తూము దగ్గర చిక్కుడుకాయలు వలుస్తున్నాను, చెయ్యి ఆగిపోయింది. ‘ఎందుకొచ్చావే? చూస్తే చంపేస్తారు’ అన్నాను. ‘చూసేవాళ్ళు లేరండి. జ్ఞానప్రకాశంగారికి చలిజ్వరమండి, లేవలేకపోతున్నారు, కోర్టుకి నేనొక్కదాన్నే వెళ్ళాలండి. అక్కడేం చెయ్యాలండి?’ మొగుడి మీద కేసు పెట్టిన మనిషి వచ్చి పెళ్ళాన్ని అడుగుతోంది. తిట్టి పంపెయ్యాలి. నేనేం చేశానంటే, పల్లంరాజు భోజనాల దగ్గర చెప్పిన కచ్చేరీ కబుర్లన్నీ పోగేసి, నేనేదో రోజూ కోర్టుకి వెళ్ళొచ్చేదాన్నయినట్టు చెప్పుకొచ్చాను. ‘తాడిచెట్టు దగ్గర నిలబడు. చిట్టియ్య అని ఒకడుంటాడు, వాడి కేక వినపడేదాకా కదలకు. ఎవరేమన్నా కదలకు. తొందరపడి ముందుకెళ్ళావంటే కర్రతో తరిమేస్తారు, అంతటితో కేసు పోతుంది.’ ‘కదలనండి’ అంది. ఎందుకు చెప్పానో నాకు తెలియదు. ఆమె గెలవాలని లేదు, ఓడాలని లేదు, నా దగ్గరున్న ఒక్క సంగతి బయట ఒక మనిషికి పనికొస్తోందని సరదా, అంతే అనుకుంటాను. వంటల గురించి అడిగితే ఎలా చెబుతానో అలాగే చెప్పాను, ఇంగువ ముందు వెయ్యకు, చివర వెయ్యి, అన్నట్టు.

ఇందాక పల్లంరాజు బండి దగ్గరికొచ్చి తెరకి దగ్గరగా నిలబడ్డాడు, వాడి చెప్పుల కిర్రు నాకు తెలుసు. ‘అక్కయ్యా, దాహంగా ఉందా?’ ఉందిరా, నాలుక పిడచకట్టుకుపోతోంది, అన్నాను. ‘బొండాలు తెప్పిస్తానుండు. ఈ పక్కవి ఉప్పన, కాలవ అవతల తోటలోవి తియ్యగా ఉంటాయి.’ తర్వాత గేటువైపు తిరిగి గట్టిగా, ‘ఒరే చిట్టియ్యా! దొరసానిగారికి దాహంట. కాలవ అవతలికెళ్ళి రెండు బొండాలు దింపుకురా, పరిగెత్తు!’ పేటవాడు తెచ్చిన బొండాం మనం తాగొచ్చా అని లోవలక్ష్మి కళ్ళు తెరవకుండానే గొణిగింది, పైన పెంకుంది కదా, పెంకు లోపలికి మైల దూరదు, అన్నాడు వాడు, అన్ని శాస్త్రాలూ చదివినట్టు. నాకు ముచ్చటేసింది. చిన్నప్పుడు నేను జ్వరంతో పడుకుంటే జామకాయ పట్టుకొచ్చి తలగడ కింద దాచి పెట్టినవాడు, పెద్దయ్యాక కూడా అక్కయ్య దాహం వాడికే గుర్తొచ్చింది అనుకుంటే కళ్ళు చెమర్చాయి కూడా. చిట్టియ్య కర్ర గేటుకి ఆనించి పరిగెత్తడం చిల్లులోంచి చూశాను. చూసి ఏమీ అనుకోలేదు. బొండాం ఎంతసేపట్లో వస్తుందా అనుకున్నాను.

అప్పుడు బంట్రోతు వరండా చివరికి వచ్చాడు. ‘ఫిర్యాది రూతూ!’

చిల్లు గేటువైపు తిప్పాను, అంటే తల తిప్పాను, గేటుకి కర్ర ఆనించి ఉంది, మనిషి లేడు. ఆ కర్ర చూశాక అర్థమైంది. నా దాహం. నా దాహం అడ్డం పెట్టాడు. తప్పుడు పని అని ఎవరూ అనలేరు, బంట్రోతు పిలవాల్సిన చోటు నుంచి పిలిచాడు, వెట్టివాడు దొరసానిగారి పని మీద వెళ్ళాడు, దొరసానిగారికి నిజంగానే దాహం వేసింది. చెట్టువైపు తిప్పాను. రూతు నీడలో నిలబడి ఉంది, గాలి కచ్చేరీవైపుకే వీస్తోంది, మధ్యలో ధాన్యం బండ్లు వరసగా పోతున్నాయి, వాటి ఇరుసుల మోత. ‘ఫిర్యాది రూతూ!’ రెండు. కేకేస్తే చాలు. ఈ గుడ్డ ఇవతల నుంచి ఒక్కసారి రూతూ అని నేను పిలిస్తే ఆ మనిషి నా గొంతు పట్టేస్తుంది, పదకొండేళ్ళు విన్న గొంతు, చిట్టియ్య కంటే ముందు నా మాటే వింటుంది. పోనీ లోవలక్ష్మిని లేపి పంపితే? ఎవరు పంపారంటారు, దాని వీపు చీరేస్తారు, అది ముసలిది. నేనే పిలిస్తే? మా ఇంటి ఆడదాని గొంతు ఇంతవరకు రోడ్డు మీద పడలేదు, మా అత్తగారిది పడలేదు, ఆవిడ అత్తగారిది చచ్చిపోతూ కూడా పడలేదట. అందరూ తిరిగి చూస్తారు. వారు చూస్తారు. రేపు జైల్లో మీసం లేకుండా కూర్చుని వారు తలుచుకునేది రూతుని కాదు. నెల తర్వాత తిరిగొస్తారు, వసారాలో మేకుంది. ఇవన్నీ నిజంగా అనుకున్నానా, లేక ఇప్పుడు పేరుస్తున్నానా? అప్పుడు నోట్లో నాలుక ఆరిపోయి ఉంది, అంతే తెలుసు. ‘ఫిర్యాది రూతు హాజర్!’ మూడు. మూడో కేకకి రూతు తలెత్తింది. ఏదో విన్నట్టే ఉంది. గేటువైపు చూసింది, చిట్టియ్య కోసం చూసింది, చిట్టియ్య లేడు కనక అది తన పేరు కాదనుకుంది. కొంగు సర్దుకుని, కదిలిన నీడలోకి అరడుగు జరిగి మళ్ళీ నిలబడింది. కదలకు అన్నాను కదా. ఎవరేమన్నా కదలకు అన్నాను.

వరండాలో మా వాళ్ళ నవ్వులు వినపడ్డాయి, తర్వాత కిర్రు చెప్పులు. ‘అక్కయ్యా, కొట్టేశారు! ఫిర్యాది హాజరు కాలేదు కనక ముద్దాయిని విడుదల చెయ్యడమైనది, ఒక్క వాక్యం, అయిపోయింది. బావగారు ఒక్క మాట కూడా చెప్పక్కర్లేకపోయింది.’ ‘హాజరు కాలేదా?’ అన్నాను. ‘కాలేదుగా. మూడుసార్లు పిలిచారు, నువ్వూ వినే ఉంటావు.’ అని తెర మీది పువ్వు దగ్గర వేలు పెట్టి, ‘బాగా కుట్టావు’ అన్నాడు. వేలు చిల్లు మీద పడి కాసేపు నాకు రామచంద్రపురం లేకుండా పోయింది. మళ్ళీ గొంతు తగ్గించి, ‘ఇంకో సంగతి. మేజిస్ట్రేటుగారు భోజనానికి లేచేదాకా ఆ మనిషికి తెలియకూడదన్నాడు ప్లీడరు. తెలిసి ఏడుస్తూ వచ్చి గేటు దగ్గర పడిందంటే, ఆయనసలే మెత్తటి మనిషి, కాగితం మళ్ళీ పైకి తీసినా తీస్తాడు. పావుగంట, అంతే. మీ బండి ఆ చెట్టు పక్కనించే పోవాలి, లోవలక్ష్మిని నోరు మూసుకోమను’ అన్నాడు. లోవలక్ష్మినే అన్నాడు. నా నోటి విషయంలో ఎవరికీ అనుమానమే లేదు.

చిట్టియ్య అప్పుడు వచ్చాడు, వగరుస్తూ, భుజాన రెండు బొండాలు. లోవలక్ష్మి దిగి వాటి మీద నీళ్ళు చల్లి, చెక్కించి, లోపలికి అందించింది. తాగాను. తియ్యగా ఉంది, వాడు చెప్పినట్టే. ఒకటి అయ్యాక రెండోది కూడా తాగాను, అంత దాహం ఉందని నాకే తెలియదు. చిట్టియ్యని పల్లంరాజు భుజం మీద చెయ్యి వేసినట్టే వేసి, వెయ్యకుండా, దూరం నుంచే కచ్చేరీ వెనకవైపు ఏదో పనికి తోలాడు.

గిత్తల మెడలో గంటలు మోగాయి, బండి కదిలింది. వారు గుర్రం మీద ముందెళ్ళిపోయారు, బండివాడు నొగల ముందు నడుస్తున్నాడు. నేను చిల్లు దగ్గర్నించి జరగలేదు. వరండా వెనక్కిపోతుంటే కిటికీలోంచి పంఖా తాడు కనపడింది, ఎవరో ఇంకా లాగుతున్నారు, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, అంటే మేజిస్ట్రేటుగారు ఇంకా కుర్చీలోనే ఉన్నారు. ఇంకా ఉన్నారు. చెట్టు దగ్గరికి వచ్చాం. పెద్దింటి బండి వస్తే పేటవాళ్ళు రోడ్డు దిగాలి, రూతు దిగి పక్క బోదిలో నిలబడింది, చీలమండల దాకా బురద. గిత్తల్ని గుర్తుపట్టినట్టుంది, వాటికి పదేళ్ళుగా గడ్డి కోసింది ఆమే. చిల్లు ఎదురుగా వచ్చింది. గీత దగ్గర్నించి చూస్తే నల్లగా లేదు, మధ్యలో ఎర్రగా, ఇంకా పూర్తిగా మానకుండా ఉంది. తల పైకెత్తకుండా, బండి చక్రంతో మాట్లాడుతున్నట్టు మెల్లిగా అంది:

‘అమ్మగారండీ, నా పేరింకా పిలవలేదాండి? చిట్టియ్య కనపడ్డం లేదండి. ఇందాక ఏదో కేకేసినట్టుంది కానండి, మీరు చెప్పారని కదల్లేదండి.’

పిలిచారు, పరిగెత్తు. రెండు మాటలు. పంఖా ఇంకా ఊగుతూనే ఉంది, అది ఆగేలోపు గేటు ముప్ఫై అడుగులు, కర్రతో కొడితే కొట్టారు, ఇంకో దెబ్బ, పాక నిలబడుతుంది. రెండు మాటలూ గొంతు దాకా వచ్చాయి, వాటి తడి కూడా నాకు తెలిసింది. నోరు తెరిచాను. ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి నా గొంతు రోడ్డు మీదికి వెళ్ళింది, వణకలేదు, పెరటిలో తూము దగ్గర ఎలా ఉంటుందో అలాగే, నిదానంగా, నమ్మకంగా ఉంది.

‘ఇంకా లేదే రూతూ. అక్కడే ఉండు.’

‘అలాగేనండి’ అంది. ఆమె ముఖంలో బెంగ తీరడం పెసరగింజంత వెలుతురులో స్పష్టంగా చూశాను. ‘మీరొచ్చారు కదా అని ధైర్యంగా ఉందండి’ అని కూడా అంది, అప్పటికి బండి దాటిపోయింది.

లోవలక్ష్మి లేచి కూర్చుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ‘అయ్యో దొరసానిగారూ, రోడ్డు మీద మాట్లాడేశారేంటండి! ఎవరన్నా విని ఉంటే?’

‘ఎవరూ వినలేదులే’ అన్నాను.